జీపు ఎనుక మగ్గం

మా సిరిసిల్ల నుంచి గొల్లపల్లికి బస్సుల పోతే ఒక్క పూట పని. మాకు రెండు దినాలు పట్టింది. ఎందుకంటే జీపు ఎనుక ట్రాలీ, ట్రాలీ మీద మగ్గం, మగ్గం మీద తెగకూడని పడుగు, నా పక్క సీట్ల మా అక్క. గీ నాలుగిట్ల ఏది బరువని ఎవలన్నా అడుగుతే మా అక్కనే అంట.

ఇరవై ఐదేండ్ల సంది జీపు నడుపుతున్న. తిరుపతి పోయిన, షిరిడి పోయిన, పెండ్లోళ్ళను ఏసుకొని ఏడేడనో తిరిగిన. గని పక్కనున్న జగిత్యాల జిల్లాను ఎన్నడు కండ్లు పెట్టి చూడలె. గంటకు ముప్పై కిలోమీటర్ల మీద పోతే మన తొవ్వలు ఇంత అందంగ ఉంటయని యాభై నాలుగేండ్లకు తెలిసింది. మీరు పోయినా గంత నిమ్మళంగ పోరు. గందుకే రాస్తున్న.

సిరిసిల్ల

మా అక్క నర్సవ్వకు అరవై రెండేండ్లు. మా గల్లీల అందరి ఇండ్లల్ల సాంచెలే. సాంచెలంటే కరెంటు మగ్గాలు, పొద్దుమాపు టకటకమంటనే ఉంటయి. జీపు కొనకముందు నేను సుత సాంచెలే నడిపిన. అక్క ఒక్కతే చేతిమగ్గం ఇడువలె. ఎవలన్నా నవ్వుతే, 'దానికి కరెంటు పోదు, నాకు కోపం రాదు' అంటది. రెండో మాట అబద్ధం.

పోయినేడు గొల్లపల్లి దిక్కు నుంచి మరియమ్మ అనే ఆమె మా వాడకట్టుకు పెండ్లికని వచ్చింది. అక్క మగ్గం సప్పుడు విని లోపటికి తొంగి చూసింది. ఇగ పెండ్లి ఏడికి పోయిందో, ఆమె రెండు గంటలు అక్క పక్కన్నే కూసున్నది. ఊరికి పోయినంక ఫోన్ల మీద ఫోన్లు చేసింది. 'మాకు భూములు లేవు అక్క. కూలి, కైకిలి చేసుకుంటం. నాట్లు, కోతలు అయినంక చేతులు ఖాళీ. పదకొండు మందిమున్నం. ప్రార్థన మందిరం పక్కన రేకుల షెడ్డున్నది. ఆరు నెలలు ఉండి తువ్వాలలు నేసుడు నేర్పు. అన్నం మేం పెడ్తం' అన్నది.

అక్క ఒప్పుకున్నది. ఒప్పుకున్నంక నాకొక్కనికే అసలు సంగతి చెప్పింది. ఆమెకు కండ్లు సక్కగ కనబడుతలేవు. డాక్టరు నీటికాసులన్నడు. చుక్కలు ఏసుకుంటే ఉన్న చూపు నిలవడుతది గని పోయింది తిరిగి రాదన్నడు. సూటిగ జర కనబడుతది, పక్కలన్ని చీకటి, సన్న పోగు అసలే ఆనది.

'మరి నేర్పుడెట్ల?' అని అడిగిన.

'నేసుడుకు కండ్లతోని పని లేదు తమ్మి. చేతికి తెలుస్తది. పోగులు పోసుడుకే కండ్లు కావాలె. గందుకే పడుగు పోసే తీస్కపోత. నువ్వు తెగకుంట చేరగొట్టు. గుడ్డిది ఏం నేర్పుతది అని వాళ్ళు అనుకోవద్దు. నా ఇజ్జత్ నీ చేతుల్నే ఉన్నది.'

పోగులు పోసుడంటే ఏందో చెప్తె గని మీకు బరువు తెల్వది. పడుగంటే నిలువు పోగులు, ఒక్కొక్క పోగును ముందరొకటి ఎనుకొకటి ఉండే దారాల అచ్చుల కన్నులకెళ్ళి తీసి, దువ్వెన లెక్కుండే పన్నె పండ్లల్ల పంటికి రెండు చొప్పున దూర్చాలె. అక్క మగ్గం మీద పదహారు వందల పోగులు. చూపున్నోళ్ళకే మెడలు పడిపోతయి. మా ఇండ్లల్ల ఇంకొక రివాజు ఉన్నది. మగ్గం ఇల్లు మారితే ఖాళీగ పంపరు. జర నేసిన బట్ట, మీద పడుగు ఉండాలె. కొత్త జాగల కొత్త పడుగును పాత పోగులకే అతుకుతరు. మగ్గం ఆగలేదు, జాగ మారింది, అంతే అన్నట్టు.

ట్రాలీ టెంటుహౌజాయనది. దానికి నంబరున్నది, కాయితాలున్నయి. జీపుకు కొండి వెల్డింగు చేసినాయన మస్తు చెప్పిండు. గొలుసులు రెండు కత్తెర లెక్క ఏసి కట్టుమన్నడు. ఎనుక లైట్ల వైరు కలుపుమన్నడు. అవి విన్న. బరువు ఏడ పెడుతున్నవో చూసుకో అన్నడు. అది మాత్రం దున్నపోతు మీద వాన పడ్డట్టే.

మేము సాలోళ్ళం, నేసే కులపోళ్ళం. మగ్గానికి ముందర మనిషి కూసుంటడు, ఎనుక బరువుంటది. ఎనుక ఇసుక సంచులు యాలాడదీస్తెనే పడుగు బిగుసుకుంటది. పుట్టినప్పటి సంది చూసింది గదే. ట్రాలీ మీద సుత గట్లనే పేర్చినం. నేసే మనిషి కూసునే దిక్కు జీపు దిక్కు పెట్టినం. బరువైన పడుగు దుంగ, ఇసుక సంచులు, నూలు మూటలు అన్నీ తోక దిక్కు పెట్టినం. ఇద్దరికి అనుమానమే రాలె. జీపు ఎనుక భాగం జర పైకి లేసింది. 'చూసినవా అక్క, జీపు మీద బరువే పడుతలేదు' అని మురిసిన సుత.

చందుర్తి

వేములవాడ దాటేదాక రాజాలెక్క పోయినం. పోరగాండ్లు సైకిళ్ళు ఆపి చూసిండ్రు. ట్రాక్టరు ఎనుక ట్రాలీ అందరు చూసిందే గని జీపు ఎనుక ట్రాలీ, దాని మీద మగ్గం ఎవలు చూసిండ్రు? చందుర్తిల చాయ్ తాగినం. పది రూపాయలకు గిలాస నిండ పోసిండు. మా దగ్గర గదే పది రూపాయలకు బొటనవేలంత కప్పుల పోస్తరు. మిర్చీలు వేడివేడిగ తీస్తుంటే అక్క రెండు తిన్నది. హోటలాయన మగ్గం చుట్టు ఒక తిరుగుడు తిరిగి, 'మా తాత గుడ్డ గిట్లనే నేసిండేమో' అని చెయ్యి పెట్టబోయిండు. అక్క జీపు లోపటి నుంచే 'ముట్టకు నాయినా' అన్నది. చెయ్యి గుంజుకున్నడు.

చందుర్తి దాటినంక తొవ్వ జర దిగుడున్నది. ఎదురుంగ ఎవలు లేరు. నాకు ఉషారు వచ్చి అరవై మీదికి తీసిన. అద్దంల చూస్తే ట్రాలీ ఎడమకు పోయింది. మల్ల చూస్తే కుడికి వచ్చింది. మూడోసారి జీపు తోకనే గుంజింది. స్టీరింగు నా చేతుల ఉన్నది గని జీపు నా చేతుల లేదు. ఎవలో ఎనుక నుంచి నడుం పట్టుకొని ఊపుతున్నట్టు ఉన్నది. బ్రేకు తొక్కిన. ఇంకా ఎక్కువ ఊగింది.

'కాలు తియ్యి తమ్మి!' అన్నది అక్క. 'కాలు తియ్యి. ఏం తొక్కకు.'

మగ్గం మీద పోగు తెగితే మొదలు చేసే పని గదే. కింద కాళ్ళతోని తొక్కే పావుల మీదికెళ్ళి కాలు తీస్తరు. చిన్నప్పటి సంది విన్న మాట కాబట్టి నా కాలు ఆలోచన చెయ్యకుంటనే లేసింది. స్టీరింగు సక్కగ పట్టుకున్న. జీపు ఉరుకుడు తగ్గింది, ఊగుడు తగ్గింది, అట్లట్ల పోయి ఒక తుమ్మ చెట్టు కాడ ఆగింది.  చెప్పుడుకు సిగ్గేంది, ఏడుపొచ్చింది.

ఒడ్డు మీద గడ్డి కోస్తున్న ముసలాయన కొడవలి నడుముకు చెక్కుకొని వచ్చిండు. డెబ్బై ఏండ్లుంటయి. పేరు దావీదు. వయసుల ఉన్నప్పుడు వేరేటోళ్ళ ఎడ్లబండి నడిపిండట. ట్రాలీని ఈ కొస నుంచి ఆ కొసదాక చూసి ఒక్కటే మాట అడిగిండు.

'ఎవల్ని చంపుదామని గిట్ల పేర్చినవు కొడుకా?'

నాకు కోపమొచ్చింది. ఇరవై ఐదేండ్ల డ్రైవరునని చెప్పిన. ఆయన వినంది లెక్క పోయి నాలుగు రాళ్ళు తెచ్చిండు. చక్రాలకు రెండు పెట్టిండు, ట్రాలీ తోక కింద రెండు పేర్చిండు. 'ఇప్పుడు కొండి ఇప్పు. ముక్కు కాడ నిలవడకు, లేసి గదవకు తగులుతది' అన్నడు. కొండి ఇప్పిన. అంత బరువున్న ట్రాలీ ముక్కు దానంతట అదే గాలిల లేసి, తోక పోయి రాళ్ళ మీద కూసున్నది. నేను నోరు తెరిచి చూసిన.

'ఎడ్లబండి కట్టెటోళ్ళకు మొదలు నేర్పేది గిదే' అన్నడు దావీదు. 'బరువు ఎనుకకు పోతే కాడి లేస్తది, ఎడ్లకు మెడ ఉరి పడుతది. అంత ముందలికి తెస్తే ఎడ్లు కుంగుతయి. ఇరుసు మీద నిలపాలె, జరంత కాడి మీద పడాలె. ముక్కు ఒక్క చేతికి లేస్తే తప్పు. నలుగురికి లేవకున్నా తప్పు. ఇద్దరు ఊ అని లేపితే లేవాలె. నీ జీపు ఎద్దు కాదా మరి?'

ముగ్గురం కలిసి సంచులు, మూటలు ఇరుసు ముంగటికి మార్చినం. మగ్గాన్ని సుత మూరెడు ముందలికి జరిపి తాళ్ళు బిగిచ్చినం. దావీదు, నేను ముక్కు లేపి చూసినం. ఊ అంటె లేసింది. పైసలియ్యబోతే తీసుకోలె. 'మీ అక్కకు చెప్పు, ఆమె కాలు తియ్యమన్నదట కద, ఆమెకు ఎడ్లు తెలుసు' అన్నడు.

అక్క తుమ్మ చెట్టు కింద కూసున్నప్పుడు నేను దుమ్ము పడకుంట మగ్గం మీద కప్పిన చీర లేపి చూసిన. చూడకపోతే బాగుండు. ఊగినప్పుడు ఇసుక సంచి ఒకటి జారి పడుగు మీద పడ్డట్టున్నది. ఒక అంచు కాడ జానెడు వెడల్పున పోగులన్ని తెగి, పన్నెలకెళ్ళి జారిపోయినయి. మూడు నాలుగు వందలుంటయి. 

'అంత మంచిగున్నదా తమ్మి?' అన్నది అక్క.

'మంచిగనే ఉన్నది' అన్న. చీర మల్ల కప్పిన.

కథలాపూర్

ఇగ ముప్పై దాటలె. దిగుడు వస్తే ముందుగాలనే చిన్న గేరుకు తెచ్చిన. ముంగటి బండికి నాకు నడుమ ఒక లారీ పట్టేంత జాగ ఇడిసిపెట్టిన. ఎనుక బరువుంటే బ్రేకు తొక్కినంక సుత బండి శానా దూరం పోతదని ఒక్కసారికే బుద్ధొచ్చింది. ఎనుకోళ్ళు హారన్లు కొడితే పక్కకు ఆపి పోనిచ్చిన.

కథలాపూర్ దిక్కు పోతుంటే మొదలు వాసన వచ్చింది. మన్ను వాసన, ఉడుకు వాసన కలిసి ఉన్నది. తర్వాత మలుపు తిరిగితే భూమంత పసుపే. తవ్వి, ఉడుకపెట్టి, ఎండబోసిన పసుపు కొమ్ములు కండ్లు పట్టేంత దూరం పరిచి ఉన్నయి. ఒక దిక్కు బాయిలరు నుంచి పొగ లేస్తుంది. ఆడోళ్ళు కాళ్ళతోని తిరగేస్తుంటే వాళ్ళ పాదాలు, చీర కుచ్చిళ్ళు, మొఖాలు అన్నీ పసుపు. మా దగ్గర రంగు డబ్బాలల్ల వస్తది, కొలిచి నీళ్ళల్ల కలుపుతం. గీ రంగు మన్నులకెళ్ళి లేసింది. నేను జీపు ఆపి ఊకెనే నిలవడ్డ.

అక్క దిగి మెల్లగ నడిచి పోయింది. కల్లం కాడ నిలవడి, 'ఇది కనబడుతుంది తమ్మి. ఇది మాత్రం మంచిగ కనబడుతుంది' అన్నది. ఆమె మొఖం చూసి నాకు పాపం అనిపిచ్చింది. చీర కింది పోగులు యాదికొచ్చి ఇంకా పాపం అనిపిచ్చింది.

కల్లం కాడ పనిచేసే ఒక పెద్దవ్వ మమ్ముల ఊకె పంపలె. మక్క రవ్వతోని ఉడికిచ్చిన గడక, పచ్చిపులుసు పెట్టింది. మా ఇంట్ల గడక ఇడిసిపెట్టి ఎన్నేండ్లయిందో. మేము పచ్చిపులుసుల బెల్లం ముక్క ఏస్తం. వాళ్ళు ఎయ్యరు, పచ్చి మిరపకాయ కాల్చి పిసుకుతరు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. అవ్వ నవ్వి, 'పట్నపోళ్ళు' అన్నది. సిరిసిల్లను పట్నం అన్నోళ్ళను మొదటిసారి చూసిన. పోయేటప్పుడు అక్క కొంగుల గుప్పెడు పసుపు కొమ్ములు పోసింది.

కోరుట్ల

కోరుట్లల మా మేనత్త బిడ్డ లక్ష్మి ఉంటది. ఆ పూట అక్కడ ఆగుడు. వాళ్ళ గల్లీ సన్నది. ట్రాలీని ఎనుకకు పోనిచ్చి ఇంటి ముంగట పెట్టాలె. ఎనుకకు పోనిచ్చుడంటే నాకు అరటిపండు ఒలిచినంత సులువు, గని ట్రాలీ లేనప్పుడు. స్టీరింగు ఎడమకు తిప్పితే అది కుడికి పోతది. కుడికి తిప్పితే ఎడమకు మడత పడుతది. గల్లీ అంత బయటికి వచ్చి తలొక మాట చెప్పుడు షురూ చేసిండ్రు. ఒకాయన రానియ్ రానియ్ అంటడు, ఇంకొకాయన ఆపు ఆపు అంటడు. నడుమల నేను ఒకామె నీళ్ళ డ్రమ్ము పండబెట్టిన. గల్లీ అంత నీళ్ళు పారినయి.

అప్పుడు తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన వచ్చిండు. మస్కట్ల పద్దెనిమిదేండ్లు పెద్ద ట్రైలర్లు నడిపిండట. 'మాటలు బంద్ చెయ్యిండ్రి' అని అందరికి చెప్పి, నా కిటికీ కాడికి వచ్చిండు. 'భాయ్, స్టీరింగు పైన పట్టుకోకు, కింద పట్టుకో. ఇగ నీ చెయ్యి ఎటు పోతే ట్రాలీ అటు పోతది. జరజర తిప్పు. తప్పయితే ముందలికి పోయి మల్ల రా, ఇజ్జత్ ఏం పోదు.' కింద పట్టుకున్న. చెయ్యి ఎటు జరిపితే ట్రాలీ అటే పోయింది. మంత్రమేసినట్టు ఇంటి ముంగట నిలవడ్డది. పద్దెనిమిదేండ్ల ఇద్దెను ఒక నిమిషంల చేతుల పెట్టి, చాయ్ సుత తాగకుంట పోయిండు గాయన. డ్రమ్మామెకు మాత్రం పదిహేను బిందెల నీళ్ళు నేనే మోసి పోసిన.

లక్ష్మి ఇంట్ల ఆడోళ్ళంత బీడీలు చేస్తరు. మా ఇండ్లల్ల సాంచె సప్పుడు ఉన్నట్టు ఇక్కడ కత్తెర సప్పుడు. ఒళ్ళె చేట పెట్టుకొని, ఆకు కత్తిరిచ్చి, తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి దారం కడుతది. ఇంత పని అయ్యేలోపల మనం ఒక గుటక చాయ్ తాగం. లక్ష్మి నా మొఖం చూసుకుంట మాట్లాడుతది, చేతులు వాటంతట అవి చేసుకుంట పోతయి. అక్క దగ్గర కూసోని విన్నది. చూసింది అనను, విన్నది.

'చేతుల దిక్కు చూస్తనే లేవు కదనే' అన్నది అక్క.

'చూస్తేనే చెయ్యి తప్పుతది వదిన' అన్నది లక్ష్మి. 'చూసుడు నేర్చుకునేటప్పుడే. ఇంతకు పడుగు మంచిగున్నదా? నేను చూడొచ్చా?'

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేసి నిలవడ్డ. 'వద్దు వద్దు, దుమ్ము పడుతది' అన్న. అక్క నా దిక్కు మెడ తిప్పింది. 

జగిత్యాల

తెల్లారి కోరుట్ల నుంచి జగిత్యాల పెద్ద తొవ్వ. మక్కల లారీలు, పసుపు బస్తాల లారీలు, గాలి కొట్టుకుంట మా పక్కకెళ్ళి పోతుంటే ట్రాలీ ఒక్కొక్కసారి వణికింది. గని ఊగలె. దావీదు పేర్చిన పేర్పు కదలలె. ప్రతి పది కిలోమీటర్లకు దిగి కొండి చూసిన, గొలుసు చూసిన, టైర్ల మీద చెయ్యి పెట్టి చూసిన. అక్క నవ్వి, 'పొట్టతోటి ఉన్న ఆడిదాన్ని తీస్కపోయినట్టు పోతున్నవు' అన్నది.

జగిత్యాలల పోలీసాయన చెయ్యి పెట్టి ఆపిండు. కాయితాలు చూసిండు, లైట్లు ఏసి చూపియ్యమన్నడు, గొలుసు గుంజి చూసిండు. ఇగ ఏం పట్టుకుంటడో అనుకున్న. 'మగ్గం ఇట్ల చక్రాల మీద పోవుడు నేను చూడలె. ఫోటో తీసుకోవచ్చా పెద్దమ్మా?' అని అక్కను అడిగిండు. అక్క కొంగు సర్దుకొని కూసున్నది.

అక్కను హోటల్ల ఇడ్లీ కాడ కూసోబెట్టి నేను బట్టల బజారుల తిరిగిన. పోగులు పోసెటోళ్ళు ఎవలన్నా దొరుకుతే బతిలాడి తీస్కపోదామని. ఇరవై దుకాండ్లు అడిగిన. తువ్వాలలు, లుంగీలు, దుప్పట్లు గోడల దాక పేర్చి ఉన్నయి. ఒక సేటు నవ్విండు. 'అన్నా, గివన్ని అమ్మెటోళ్ళం. నేసెటోళ్ళు కావాల్నంటే సిరిసిల్ల పోవాలె.' నేను ఆడికెళ్ళే వచ్చిన్నని చెప్పలేక వాపస్ వచ్చిన.

జీపు ఎక్కినంక చెప్దామని రెండుసార్లు నోరు తెరిచిన. అక్క గొల్లపల్లిల మొదటి దినం ఏం చెప్పాలెనో మెల్లగ గొణుక్కుంటున్నది. బడికి పోయే పిల్ల పాఠం గొణుక్కున్నట్టు. గేరు మార్చి ముందలికి పోనిచ్చిన.

గొల్లపల్లి

రేకుల షెడ్డు అలికి, ముగ్గేసి పెట్టిండ్రు. పదకొండు మంది ఆడోళ్ళు బయటనే నిలవడ్డరు. కొందరి మెడల సిలువలున్నయి, కొందరి మొఖాన కుంకుమలున్నయి. అందరి అరికాళ్ళు ఒక్క తీరుగనే పగిలి ఉన్నయి. మరియమ్మ అక్క చెయ్యి పట్టుకొని దించింది. మగ్గం దింపుడుకు నలుగురు మగోళ్ళను పిలుద్దామని నేనంటే అందరు నవ్విండ్రు. చుట్టు నిలవడి, మరియమ్మ 'ఓ' అన్నది, పదకొండు మంది ఒక్కసారే లేపిండ్రు. ఒక్క మూల ఎక్కువ లేదు, ఒక్క మూల తక్కువ లేదు. నీళ్ళ గిలాస పెట్టినా తొణకకుండు. నాట్ల కాడ ఒక్క వరుసల వంగెటోళ్ళకు అది లెక్క కాదట. మా సిరిసిల్లల మగ్గం లేపితే ఎన్ని తిట్లు వినబడుతయో నాకు తెలుసు.

అక్క వచ్చి చీర కప్పుడు తీసింది. ఇప్పుడన్నా చెప్పాలె. నేను చెప్పేలోపల ఆమె చెయ్యి పడుగు మీద జరిగింది. ఈ అంచు నుంచి పోయి పోయి, జానెడు ఉందనంగ ఆగింది. చేతి ఏళ్ళు ఖాళీ జాగల ఆడినయి. తెగిన కొసలు ఒకటొకటి తడుముకున్నది.

'ఎప్పుడు?' అన్నది.

'చందుర్తి దాటినంక. ఊగినప్పుడు.'

'నువ్వు చూసినవా?'

'చూసిన.'

ఆమె గొంతు లేవలె. లేస్తే బాగుండు. 'నాకు కనబడదని దాసినవా తమ్మి?' అన్నది.

నేను తల వంచుకున్న. పదకొండు మంది మా దిక్కే చూస్తున్నరు. వాళ్ళకు ఏం సమజ్ కాలె. నా ఎద మీద ఆ ఇసుక సంచి తెచ్చి పెట్టినట్టు ఉన్నది. మా అమ్మ పోయిన నాడు సుత నేను గంత దుఃఖపడలె.

అక్క మగ్గం పలక మీద కూసున్నది.  తర్వాత నన్ను ఇడిసిపెట్టి వాళ్ళ దిక్కు తిరిగింది.

'వీడు నాకాడ దాసిండని కోపమొచ్చింది. నేను మీకాడ దాయలేదా? బిడ్డా మరియమ్మా, నాకు కండ్లు పోతున్నయి. గీ తెగిన పోగులు మల్ల పోసుడు నాతోని కాదు. నేర్పెటోళ్ళు వేరే ఎవలన్నా కావాల్నంటే చెప్పుండ్రి. వీడు తెచ్చిండు, వీడే తీస్కపోతడు.'

 బయట నా జీపు ఇంజను సల్లారుకుంట టిక్కు టిక్కు అంటుంది. మరియమ్మ ముందుకు వచ్చి మగ్గం కాడ కింద కూసున్నది.

'అక్కా, టౌన్లకెళ్ళి మిషిను కుట్టుడు నేర్పుతనని ఒకామె వచ్చింది. మంచి మనిషే. మాకు చేతగాకపోతే తనే గుంజుకొని కుట్టిపెట్టేది. నెల దినాలు చూసినం, ఒక్కరికి రాలె. నీకు కనబడకపోతే నువ్వు గుంజుకోవు. మాకు చెప్పాలె, మేము చెయ్యాలె. గట్లయితేనే మాకు వస్తది. నువ్వు పోతే మేము ఊకోం.'

అక్క కొంగుతోని మొఖం తుడుచుకున్నది. 'చేతులు కడుక్కొని రాండ్రి' అన్నది.

ఆ పగలంత, తెల్లారి పగలంత పోగులు పోసిండ్రు. నేను వాపస్ పోవాలె, గని కాలు కదలలె. మగ్గం ఎనుక ఇద్దరు కూసోని పోగు అందిస్తరు, ముంగట ఇద్దరు కొక్కెంతోని గుంజుతరు, అలసిపోతే ఇంకో నలుగురు వస్తరు. అక్క నడుమల కూసోని చెప్తది. 'ముందరచ్చు, ఎనుకచ్చు, పంటికి రెండు.' కొంచెంసేపటికి ఆ మాటకు వాళ్ళే ఒక రాగం కట్టిండ్రు. చిన్న పోరి ఒకామె తప్పు కన్నుల దూర్చింది. అక్క చూడలె, రాగం తప్పిన కాడ పట్టుకున్నది. 'ఆగు. ఎవలో రెండుసార్లు ఎనుకచ్చు అన్నరు.' ఆ పోరి నాలుక కరుచుకున్నది. మధ్యల జొన్నరొట్టె, చింతచిగురు పప్పు తెచ్చి పెట్టిండ్రు. మా దగ్గర పని నడుమ తింటే పోగుకు నూనె అంటుతదని కసురుకుంటరు. ఇక్కడ ఒకరు నేలమీద కూసోని ఇంకొకరి నోట్ల ముద్ద పెడుతున్నరు, పోగు ముట్టే చెయ్యి ముట్టనియ్యకుంట.

పొద్దు వాలేటప్పుడు ఆఖరి పోగు అయిపోయింది. అక్క పావుల మీద కాలు పెట్టి, పేక పోగున్న నాడెను అడ్డంగ ఇసిరి, బెత్తెడు బట్ట నేసింది. అందరు ఊపిరి పట్టుకొని చూసిండ్రు. బట్ట తెల్లగ, సాపుగ ఉన్నది. నాకైతే ఏం తప్పు కనబడలె. అక్క దాని మీద అరచెయ్యి పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకు నిమిరింది.

'ఒక పంట్ల మూడు పోగులు పడ్డయి' అన్నది. 'ఏడనో చెప్పుండ్రి.'

పదకొండు మంది వంగిండ్రు. నేను వంగిన. నిన్న ఎంత దూరపు సైను బోర్డయినా సదివిన కండ్లు నావి. బట్ట మీద ముక్కు ఆనిచ్చి చూసినా నాకు ఆ మూడు పోగుల గీత ఆనలె. ఎవలికి ఆనలె.

'నువ్వే చెప్పు అక్క' అన్నది మరియమ్మ.

'చెప్ప. చూసుడు బంద్ చెయ్యిండ్రి. అరచెయ్యి పెట్టుండ్రి.'

ఒకరి ఎనుక ఒకరు వచ్చిండ్రు. కొడవలి పట్టిన చేతులు, మొద్దుబారిన చేతులు బట్ట మీద జరిగినయి. మొదటి ముగ్గురు తల ఊపి లేసి పోయిండ్రు. నాలుగో ఆమె పోశవ్వ. నలభై ఏండ్లుంటయి, వచ్చినప్పటి సంది ఒక్క మాట మాట్లాడలె. ఆమె చెయ్యి నడుమల దాక పోయింది, ముందలికి పోయింది, మల్ల వాపస్ వచ్చి ఆగింది.

'ఈడ గరుకున్నది' అన్నది.

అక్క తన చెయ్యి ఆ చెయ్యి మీద పెట్టి చూసింది.

'కండ్లు తెరిచి పట్టినవా, మూసి పట్టినవా?'

'మూసిన అక్క.'

'ఇగ నేస్తవు పో' అన్నది మా అక్క.